కరెంటు వయా ప్రాపర్ ఛానల్

సమన్వయ శాఖ ఏం పని చేస్తుందని అడిగితే, అందులో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయినవాళ్లు కూడా కాసేపు గోడవైపు చూసి ఆలోచిస్తారు. మిగతా శాఖల మధ్య సమన్వయం కుదర్చాలని దాన్ని పుట్టించిన ఉత్తర్వులో ఉంది. ఆ ఉత్తర్వును మిగతా శాఖలకి పంపడం మరిచిపోయారు. అందువల్ల ఎవరూ దాని జోలికి రారు, అదీ ఎవరి జోలికీ పోదు. అయినా దానికి ఒక సంచాలకులు, నలుగురు ఉప సంచాలకులు, తొమ్మిది మంది సహాయ సంచాలకులు, అయిదుగురు సూపరింటెండెంట్లు ఉన్నారు. ఈ పందొమ్మిది మంది అధికారులూ చెప్పిన పని చెయ్యడానికి జూనియర్ అసిస్టెంటు హైమావతి, ఇద్దరు అటెండర్లు, వైర్‌మన్ పోలినాయుడు ఉన్నారు.

పోలినాయుడిది పాలకొండ. భార్య ఈశ్వరమ్మ అక్కడే సర్కారు ఆసుపత్రిలో నర్సు. ఆమెను అక్కడినుంచి కదల్చరు, ఇతన్ని ఇక్కడినుంచి వదలరు. పదకొండేళ్లుగా వాళ్లది ఆదివారం కాపరం. శనివారం సాయంత్రం బస్సెక్కుతాడు, సోమవారం కోడి కూయకముందే మళ్లీ బస్సెక్కుతాడు. పదకొండేళ్లలో ఎనిమిది అర్జీలు పెట్టుకుంటే, ఎనిమిదోది ఏ గాలికి కదిలిందో గాని, పాలకొండకి బదిలీ ఉత్తర్వు వచ్చింది.

ఉత్తర్వుకి ఒక తోక ఉంది. శాఖకి కొత్త భవనం కడుతున్నారు గనక, అందులో వైరింగు పూర్తిచేసిన తర్వాతే పోలినాయుణ్ణి రిలీవ్ చెయ్యాలి. నవంబరు ముప్పై సాయంత్రం అయిదు గంటల్లోగా రిలీవ్ కాకపోతే ఉత్తర్వు దానంతటదే రద్దయిపోతుంది.

"ఎన్ని రోజుల పనేటి?" అని ఫోన్లో అడిగింది ఈశ్వరమ్మ.

"పన్నెండు రోజులు. మహా అయితే పదమూడు."

"మరి నలభై అయిదు రోజులు గడువెందుకిచ్చినారు?"

"ఆఫీసు కదే. కొంచెం ఎక్కువే ఇస్తారు."

"ఎక్కువిచ్చినారంటేనే నాకు అనుమానంగుంది," అంది ఈశ్వరమ్మ.

పోలినాయుడు పని తెలిసినవాడు. వరండా పొడవునా పైకప్పు నుంచి ఇనుప ఊచలు దింపి, వాటికి కేబుల్ ట్రే బిగించాడు. ట్రే అంటే మరేం లేదు, చిల్లులున్న పొడుగాటి రేకు తొట్టి. మెయిన్ బోర్డు నుంచి బయల్దేరే వైర్లన్నీ అందులో పడుకుని, ఏ గది దగ్గర ఆ వైరు దిగిపోతుంది. గోడలు పగలగొట్టక్కర్లేదు. రేపు ఏదైనా చెడితే నిచ్చెన వేసుకుని చూసుకోవచ్చు. ఏ వైరు ఎవరిదో తెలియడానికి ప్రతి వైరుకీ తెల్ల ట్యాగు కట్టి, దానిమీద గది పేరు గుండ్రటి అక్షరాలతో రాశాడు. మంచి వైర్‌మన్ ఎవడైనా చేసే పనే అది. అదే అతని కొంప ముంచింది.

తొమ్మిదో రోజు పొద్దున్న ఉప సంచాలకులు త్రివిక్రమరావు గారు కొత్త భవనం చూడటానికి వచ్చారు. శాఖలో రూల్సు తెలిసిన మనిషి ఆయనే. ఇంట్లో పిల్లలు సెలవు చీటీ రాసిస్తేగాని ఆడుకోడానికి వదలరని చెప్పుకుంటారు. ఆయన నిచ్చెన రెండు మెట్లెక్కి ట్రేలోకి తొంగిచూశారు.

"ఇందులో నాదేదయ్యా?"

"అదిగో బాబూ, అడుగున. నల్లది."

"అడుగునా?"

"మీది చివరి గది కదా బాబూ. దూరంది ముందు లాగుతాం. ముందు లాగింది అడుక్కెళ్తాది."

"నా మీద ఉన్నదెవరిది?"

పోలినాయుడు ట్యాగు తిప్పి చూశాడు. "అటెండర్ల గది బాబూ."

త్రివిక్రమరావు గారు నిచ్చెన దిగారు. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"అంటే, అటెండర్లు నా మీద పడుకున్నారన్నమాట."

"అటెండర్లు కాదు బాబూ, ఆళ్ల వైరు."

"దానికి పేరు కట్టావా లేదా?"

"కట్టినాను."

"పేరు కట్టాక అది ఇంకా వైరెలా అవుతుందయ్యా?"

 మధ్యాహ్నానికి పోలినాయుడి చేతికి మెమో వచ్చింది. 'విషయం: నూతన భవనము — కేబుళ్ల అమరికలో హోదాల ఉల్లంఘన — బాధ్యునిపై చర్య ఏల తీసుకొనరాదో వివరణ కోరుట — గురించి.' టైపు చేసిన హైమావతే దాన్ని తెచ్చి ఇచ్చింది.

"ఏటన్నా ఇది? వైర్లకి హోదాలేటి?"

"నాకేటి తెలుసమ్మా. నాలుగు రోజులాగితే ఎల్లిపోదును."

"మరయితే వివరణలో ఏటి రాయమంటావు?"

"తప్పయిపోయింది, ఇకముందు వైర్లు మర్యాదగా పడుకుంటాయని రాసీ."

ఆమె అలాగే రాసింది. తప్పు ఒప్పుకున్నాడు గనక తప్పు జరిగినట్టే అని రుజువైంది. తప్పు జరిగింది గనక దాన్ని సరిదిద్దే పద్ధతి ఒకటి ఉండాలని సంచాలకులు కృపానిధి గారు సమావేశం పెట్టారు.

కృపానిధి గారు మెత్తటి మనిషి. గట్టిగా మాట్లాడరు. శాఖ పేరు నలుగురికీ తెలిసే పని ఏదైనా ఒకటి చేసి దిగిపోవాలన్నది ఆయన కోరిక. పాతికేళ్లుగా అలాంటి పని ఆయనకి తగల్లేదు. ఇది తగిలింది.

"కేబుళ్లకు ప్రోటోకాల్ రూపొందించిన తొలి కార్యాలయం మనది కావాలి," అన్నారాయన, కళ్లు సగం మూసుకుని. "ఇతర రాష్ట్రాల వారు వచ్చి అధ్యయనం చేయాలి. చేస్తారు."

"తప్పకుండా చేస్తారు సార్," అన్నారు పందొమ్మిదిలో పద్దెనిమిది మంది.

ఉత్తర్వు వెలువడింది. ఒక ట్రే సరిపోదు, అయిదు కావాలి. అన్నిటికంటే పైది సంచాలకులది, దాని కింద ఉప సంచాలకులది, ఆ కింద సహాయ సంచాలకులది, ఆ కింద సూపరింటెండెంట్లది. అట్టడుగుది 'తదితరులది'. ట్రేకీ ట్రేకీ మధ్య చెయ్యి దూరడానికి అడుగు ఖాళీ వదిలేసరికి, తదితరుల ట్రే నేలకి అయిదడుగుల ఎత్తున వచ్చి ఆగింది. వరండాలో నడిచే ప్రతివాడూ నడుం వంచి నడవాలి. మొదటి రోజే సూపరింటెండెంటు ఒకాయన నుదుటికి బొప్పి కట్టింది. కృపానిధి గారికి మాత్రం ఇది నచ్చింది. తన గది దాకా అందరూ వంగి రావడం చూసి, ఇంజనీరింగులో ఇంత సంస్కారం ఉందని తనకి తెలియదన్నారు.

తర్వాత చిక్కులు మొదలయ్యాయి. ఒకేరోజు ఉద్యోగంలో చేరిన సహాయ సంచాలకులు ఇద్దరు, ఎవరు సీనియరన్న విషయమై పద్నాలుగేళ్లుగా కోర్టులో ఉన్నారు. ఎవరి వైరు పైన ఉండాలి? ఇద్దరివీ పక్కపక్కన పెట్టి, రెండిటికీ 'కోర్టు తీర్పుకు లోబడి' అని ట్యాగు కట్టించారు. సస్పెన్షన్లో ఉన్న ఇరవయ్యో అధికారి వైరును ట్రేలో పెట్టకూడదు, అలాగని భవనం దాటి పోనివ్వకూడదు. పోలినాయుడు దాన్ని మెట్ల దగ్గర చుట్ట చుట్టి మేకుకి తగిలించాడు. దారిన పోయేవాళ్లంతా దాన్ని ఒకసారి జాలిగా చూసి పోయేవారు.

అన్నిటికంటే పెద్ద చిక్కు సంచాలకుల మరుగుదొడ్డి బల్బుది.

"సంచాలకులంటే నాకు అపార గౌరవం," అని త్రివిక్రమరావు గారు సమావేశంలో లేచి నిలబడ్డారు. "కానీ వారి మరుగుదొడ్డి నాకంటే పైన ఉండటం సర్వీసు నిబంధనల్లో ఎక్కడుందో దయచేసి చూపించాలి."

ఉపసంఘం వేశారు. ఉపసంఘం నాలుగు రోజులు కూర్చుంది. సంచాలకులు లోపల ఉన్నంతసేపూ మరుగుదొడ్డికి సంచాలకుల హోదా ఉంటుందనీ, వారు బయటికి వచ్చాక అది సూపరింటెండెంటుతో సమానమనీ తేల్చింది. ఆనాటినుంచి కృపానిధి గారు లోపలికి వెళ్లినప్పుడల్లా అటెండరు వెదురు కర్రతో ఆ వైరును పై ట్రేలోకి ఎత్తేవాడు. ఆయన బయటికి రాగానే దించేవాడు. మెత్తటి మనిషి గనక కృపానిధి గారు ఆ అటెండరు శ్రమ చూడలేక, తర్వాత మంచినీళ్లు తాగడం తగ్గించుకున్నారు.

పోలినాయుడు దేనికీ ఎదురు చెప్పలేదు. వాదిస్తే ఒక రోజు పోతుంది, చెప్పినట్టు చేస్తే పూటతో అయిపోతుంది. కట్టమన్నది కట్టాడు, విప్పమన్నది విప్పాడు. గోడమీద క్యాలెండరులో రోజులు కొట్టేసుకుంటూ పోయాడు. ముప్పయ్యో రోజుకి ట్రేలన్నీ బిగిశాయి, వైర్లన్నీ ఎవరి స్థానాల్లో వాళ్లు పడుకున్నారు.

"రేపు కరెంటిచ్చీయచ్చు బాబూ," అని చెప్పాడు.

అప్పుడు త్రివిక్రమరావు గారికి ఒక అనుమానం వచ్చింది.

"కరెంటు ముందు ఎవరికి వెళ్తుందయ్యా?"

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని పోలినాయుడు తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. "ముందెనక లేదు బాబూ. మెయినెయ్యగానే అందరికీ ఒకేసారి ఎల్లిపోతాది."

"ఒకేసారా?"

"ఒకేసారే."

"సంచాలకులకీ, నాకూ, హైమావతికీ ఒకేసారా?"

"అవునండి."

త్రివిక్రమరావు గారు కుర్చీలో కూలబడ్డారు. "ఈ శాఖలో ఒక గుండుసూది కావాలన్నా ప్రాపర్ ఛానల్లో రావాలి. అలాంటిది కరెంటు, ఎవరినీ అడక్కుండా, మధ్యలో ఎవరి సంతకమూ లేకుండా, నేరుగా జూనియర్ అసిస్టెంటు బల్ల దగ్గరికి వెళ్తుందా?"

మర్నాడే సవరణ ఉత్తర్వు వచ్చింది. త్రివిక్రమరావు గారే స్వయంగా కూర్చుని రాశారు. కరెంటు మొదట సంచాలకుల బల్ల మీది స్విచ్చికి రావాలి. వారు పరిశీలించి నొక్కాక అది త్రివిక్రమరావు గారి బల్లకి, ఆయన నొక్కాక ఆ తర్వాతివారికి, అలా పందొమ్మిది బల్లలూ దాటి చిట్టచివర హైమావతి బల్ల దగ్గరికి చేరాలి. ఏడో పేరాలో, 'ఎవరికి కరెంటు ముందుగా అందునో వారే ఈ భవనములో అగ్రస్థానీయులుగా పరిగణింపబడుదురు' అని రాసి, అపార్థాలకు తావులేకుండా కింద గీత గీశారు. తొమ్మిదో పేరాలో, 'ఏ కేబులునైనను తొలగించుటకు ఆ కేబులుదారుని లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి' అని చేర్చారు. అటెండర్ల గదికి బల్లే లేదు గనక వాళ్లకి కరెంటు అవసరం లేదని తేల్చారు.

పోలినాయుడు ఈసారి నోరు తెరవక తప్పలేదు.

"అలగైతే మద్దిలో ఏ ఒక్కరు స్విచ్చి కట్టీసినా కిందోళ్లందరికీ చీకటే బాబూ."

కృపానిధి గారు మెత్తగా నవ్వారు. "పై అధికారి సీట్లో లేనప్పుడు కింది సిబ్బందికి వెలుతురెందుకయ్యా? పర్యవేక్షణ లేని వెలుతురులో ఏం పని జరుగుతుంది?"

"కరెంటుకీ క్రమశిక్షణ ఉండాలి," అన్నారు త్రివిక్రమరావు గారు.

పోలినాయుడు తొమ్మిది రోజుల్లో ఆ క్రమశిక్షణ నేర్పాడు. నవంబరు ఇరవై నాలుగున ప్రారంభోత్సవం జరిగింది. పందొమ్మిది మందీ కొత్త బట్టల్లో సీట్లలో కూర్చున్నారు. కృపానిధి గారు కొబ్బరికాయ కొట్టి స్విచ్చి నొక్కారు. ఆయన గదిలో ఫ్యాను తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. త్రివిక్రమరావు గారు తన బల్లకి వచ్చిన కరెంటును పది నిమిషాలు పరిశీలించి ముందుకు పంపారు. మూడో ఉప సంచాలకులు ఈ కరెంటు ఏ విషయమై వచ్చిందో కాగితం జతపరచలేదని కొర్రీ వేశారు. కాగితం తెచ్చి చూపించాక నొక్కారు. కోర్టులో ఉన్న ఇద్దరు సహాయ సంచాలకులూ ఒకేసారి నొక్కాలి గనక అటెండరు వాళ్ల మధ్య నిలబడి "ఒకటీ, రెండూ, మూడూ" అన్నాడు. మూడన్నాక నొక్కాలా, మూడుతోపాటు నొక్కాలా అని వాళ్లు అరగంట వాదించుకున్నారు. మొత్తం మీద పదకొండు గంటలకి బయల్దేరిన కరెంటు మధ్యాహ్నం రెండు దాటాక హైమావతి బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె పైనున్న బల్బు వెలిగింది. కట్టడం పనికోసం వేసుకున్న తాత్కాలిక కనెక్షను ఆ సాయంత్రమే పీకేశారు.

"ఈ పూటే రిలీవింగు ఆర్డరు కొట్టీమ్మా," అన్నాడు పోలినాయుడు హైమావతితో.

"కంప్యూటరు పెట్టి తెరవనీ అన్నా. ఇదిగో, నీ పేరే..."

బల్బు ఆరిపోయింది. ప్రారంభోత్సవం అయిపోయింది గనక కృపానిధి గారు స్విచ్చి కట్టేసి ఇంటికి వెళ్లిపోయారు.

ఉత్తర్వులకి నంబరిచ్చే కంప్యూటరు శాఖ మొత్తానికి హైమావతి బల్ల మీదదొక్కటే. చేత్తో రాసిన ఉత్తర్వు చెల్లదు. కాబట్టి పోలినాయుడు రిలీవ్ కావాలంటే ఒక్క కాగితం ప్రింటవ్వాలి. ఒక్క కాగితం ప్రింటవ్వాలంటే పందొమ్మిది మంది అధికారులూ ఒకే సమయంలో తమ తమ సీట్లలో ఉండాలి. అలాంటి సంఘటన, ప్రారంభోత్సవాలప్పుడు తప్ప, సమన్వయ శాఖ చరిత్రలో జరగలేదు.

ఇరవై అయిదున సంచాలకులు క్యాంపుకి వెళ్లారు. ఇరవై ఆరున సంచాలకులు వచ్చారు, త్రివిక్రమరావు గారు కోర్టు పని మీద వెళ్లారు. ఇరవై ఏడున పదకొండో బల్లదాకా వచ్చిన కరెంటు, పన్నెండో ఆయన టిఫినుకి వెళ్లడంతో సాయంత్రం దాకా అక్కడే ఆగిపోయింది. ఇరవై ఎనిమిదిన ఆ పన్నెండో ఆయన పొద్దున్నే వచ్చి కూర్చుంటే ఏడో ఆయన రాలేదు. ఇరవై తొమ్మిది ఆదివారం. ఆ నాలుగు రోజులూ పోలినాయుడు వరండాలో నడుం వంచుకుని గది గదికీ తిరిగాడు. "కూకోండి బాబూ, ఒక్క అరగంట కూకోండి," అని బతిమాలాడు. వైర్‌మన్ వచ్చి అధికారులను కూర్చోమనడం ఏమిటని ఇంకో మెమో తయారైంది. కాని టైపు చెయ్యడానికి కరెంటు లేక అతని దాకా రాలేదు.

"ఏమయిందో నిజం చెప్పు," అంది ఈశ్వరమ్మ ఫోన్లో. "నీకు రావాలనుందా, లేదా?"

"ఉందే!"

"వైరింగయిపోయింది. కరెంటొచ్చింది. మరింకేటి?"

"కరెంటొచ్చింది గానీ... కిందికి రావట్లేదే."

ఈశ్వరమ్మ ఫోను పెట్టేసింది.

నవంబరు ముప్పై వచ్చింది. ఆ రోజు కృపానిధి గారి పుట్టినరోజని హైమావతికి ఎలాగో తెలిసింది. ఎవరు దండ ముందు వేస్తారో వాళ్లకి రహస్య నివేదికలో మంచి మాట పడుతుందని ఆమె పొద్దున్నే అయిదుగురికి చెప్పింది. పదిన్నరకి కార్లన్నీ వచ్చి కింద నిలబడ్డాయి. దండలు పడ్డాయి, కేకు ముక్కలు పంచారు, ఎవరి సీట్లకి వాళ్లు వెళ్లి నొక్కడం మొదలుపెట్టారు. పోలినాయుడు కరెంటు వెంట బల్ల బల్లకీ నడిచాడు. మూడు గంటలకి అది పదమూడో బల్ల దాటింది. పద్నాలుగో గది దగ్గర ఆగిపోయింది. ఆ గదికి తాళం ఉంది.

పద్నాలుగో ఆయన ప్రారంభోత్సవం మర్నాడే మోకాలి నొప్పితో నెలరోజులు సెలవు పెట్టేశారు. వారం రోజుల్లో కరెంటు ఒక్కసారీ అంతదూరం రాలేదు గనక ఆయన లేని సంగతి ఎవరికీ తెలియలేదు.

"తాళంచెవి నా దగ్గరుంది బాబూ, నాను నొక్కీసొస్తాను," అన్నాడు పోలినాయుడు.

"సహాయ సంచాలకుల స్విచ్చి నువ్వు నొక్కడమా?" అన్నారు త్రివిక్రమరావు గారు. "ముందు ఆ సీటుకి ఎవరినైనా ఇన్‌ఛార్జిగా వెయ్యాలి. ఇన్‌ఛార్జి ఉత్తర్వు హైమావతిని కొట్టమను."

"ఆవిడకి కరెంటు లేదు కదా బాబూ!"

"ఎందుకు లేదు?"

"ఈ సీట్లో ఎవులూ లేరనే!"

"అందుకే కదయ్యా ఇన్‌ఛార్జిని వెయ్యాలంటున్నాను," అన్నారాయన, చిన్నపిల్లాడికి లెక్క చెబుతున్నంత ఓపికగా.

మూడు గంటల ఇరవై నిమిషాలయింది. నలభై అయిదు రోజులుగా ఏం చెబితే అది కట్టిన పోలినాయుడు, గోడకి చేరగిలబడి ఒక నిమిషం నిలబడ్డాడు. తర్వాత నడుం నిటారుగా చేసుకుని, అందువల్ల తల తదితరుల ట్రేకి ఠంగుమని తగిలినా ఆగకుండా, తిన్నగా స్టోరు గదికి పోయాడు. మిగిలిపోయిన వైరు చుట్ట భుజాన వేసుకున్నాడు. ఒక కొన మెయిన్ బోర్డుకి బిగించాడు. రెండో కొన నేలమీదే ఈడ్చుకుంటూ, ట్రే లేకుండా, ట్యాగు లేకుండా, ఒక్క బల్లా ముట్టుకోకుండా, హైమావతి బల్ల దగ్గరికి తెచ్చి కంప్యూటరున్న స్విచ్చి బోర్డుకి కలిపాడు.

"అన్నా, ఇది..." అంది హైమావతి.

"కొట్టమ్మా. ఏటయితే అదవుతాది."

పది నిమిషాల్లో కాగితం బయటికి వచ్చింది. వేడిగా ఉంది. పోలినాయుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని సంతకం కోసం సంచాలకుల గది వైపు బయల్దేరేసరికి, వరండాలో పెద్ద చప్పుడయింది. త్రివిక్రమరావు గారు నేలమీది వైరు తట్టుకుని పడ్డారు.

"ఎవరిదీ వైరు?" అని ఆయన పడినచోటినుంచే అరిచారు. "ట్యాగేది? ఏ హోదా ఇది?"

అధికారులందరూ వంగి నడుస్తూ బయటికి వచ్చారు. వైరు ఒక కొస నుంచి వెతుక్కుంటూ పోయి మెయిన్ బోర్డు దగ్గర ఆగారు. రెండో కొస నుంచి వెతుక్కుంటూ పోయి హైమావతి దగ్గర ఆగారు. ఆమె నెత్తిన ఫ్యాను కూడా తిరుగుతోంది.

"పీకెయ్యండి దీన్ని!" అన్నారు కృపానిధి గారు. జీవితంలో మొదటిసారి గట్టిగా మాట్లాడారు.

సూపరింటెండెంటు ఒకాయన వంగాడు. "ఆగండి!" అన్నారు త్రివిక్రమరావు గారు. ఆయన ముఖం తెల్లబోయింది. జేబులోంచి సవరణ ఉత్తర్వు తీసి, పెదాలు కదుపుతూ చదువుకున్నారు. ఎంత నష్టమొచ్చినా రూలు రూలేనని నమ్మే మనిషి ఆయన.

"తొమ్మిదో పేరా సార్. కేబులుదారుని లిఖితపూర్వక అనుమతి లేకుండా తొలగించరాదు."

"సరే. ఆ అమ్మాయిని అనుమతి రాసిమ్మనండి. నేను ఆదేశిస్తున్నాను."

"మీరు ఆదేశించలేరు సార్." త్రివిక్రమరావు గారు కాగితం మీద వేలు పెట్టారు. "ఏడో పేరా. ఎవరికి కరెంటు ముందుగా అందునో... మీకు కరెంటు అన్నిటికంటే పై ట్రే ఎక్కి, చుట్టు తిరిగి వస్తోంది. అదీ మీరు నొక్కాక. ఆవిడకి నేరుగా మెయిన్ నుంచి వస్తోంది. నొక్కడం కూడా లేదు."

"అంటే?"

"అంటే, మూడు గంటల నలభై నిమిషాల నుంచి, ఈ భవనంలో అగ్రస్థానీయులు..." ఆయన పూర్తిచెయ్యలేక వేలితో చూపించారు.

పద్దెనిమిది మందీ హైమావతి వైపు చూశారు. ఆమె కంగారుగా లేచి నిలబడింది. ఆమె లేచి నిలబడింది గనక వాళ్లు ఇంకాస్త వంగారు.

"నాకేటీ వద్దు సార్," అంది హైమావతి.

"మీరు నన్ను సార్ అనకూడదు... మేడమ్," అన్నారు త్రివిక్రమరావు గారు.

పోలినాయుడికి ఇవేవీ చెవిని పడటంలేదు. అతని కళ్లు గోడ గడియారం మీద ఉన్నాయి. నాలుగున్నర దాటింది. కాగితం కృపానిధి గారి ముందు పెట్టి, "సంతకం బాబూ" అన్నాడు. కృపానిధి గారు అలవాటుగా కలం తీసి, మళ్లీ మూత పెట్టేశారు. "నాకిప్పుడు అధికారం లేదయ్యా," అన్నారు మెత్తగా.

పోలినాయుడు కాగితం తిప్పి హైమావతి ముందు పెట్టాడు.  ఆమె అతని ముఖం చూసింది. గడియారం చూసింది. వంగి నిలబడ్డ పద్దెనిమిది మంది ముందు కూర్చుని, కింద 'సంచాలకులు' అన్న చోట గుండ్రంగా సంతకం చేసి, ముద్ర వేసింది. నాలుగూ నలభై ఎనిమిది.

"ఎల్లన్నా. బస్సు తప్పిపోతాది."

అప్పుడు మూల నుంచి ఒక సూపరింటెండెంటు, అందరికంటే చిన్నవాడు, మెల్లగా అన్నాడు: "మేడమ్ గారికి నేరుగా వైరు లాగితే మేడమ్ గారయ్యారు. మరి నేనూ నేరుగా లాక్కుంటే?"

 పద్దెనిమిది మందీ ఒక్కుమ్మడిగా స్టోరు గది మీద పడ్డారు. వైరు చుట్టలు దొరికినవాళ్లు చుట్టలు, దొరకనివాళ్లు ట్రేల్లోంచి పక్కవాడి వైరు లాక్కుని, చొక్కాలు నలిగిపోతుంటే మోకాళ్ల మీద పాకుతూ మెయిన్ బోర్డు వైపు బయల్దేరారు. కోర్టులో ఉన్న ఇద్దరూ ఒకే వైరుకి చెరో కొన పట్టుకున్నారు. కృపానిధి గారు మరుగుదొడ్డి వైరు దొరకబుచ్చుకున్నారు. "నేను ముందు! నిబంధన రాసింది నేను!" అని త్రివిక్రమరావు గారి గొంతు ఎవరి కాళ్ల కిందనుంచో వినిపిస్తోంది. సమన్వయ శాఖ పుట్టాక, అధికారులందరూ ఒకే సమయంలో ఒకే పని చెయ్యడం అదే మొదలు.

పోలినాయుడు రిలీవైపోయాడు. ఆ భవనంతో అతనికి సంబంధం లేదు. అయినా గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాడు. ముట్టుకుంటే మసైపోతారు ఎదవలు అనుకుంటూ మెయిను దించేసి, ఫ్యూజు ఊడదీసి హైమావతి చేతిలో పెట్టాడు.

"ఆళ్లు వైర్లు లాగడం మానినదాకా ఇది పెట్టకమ్మా."

"ఎప్పటికి మానుతారన్నా?"

"నాకు తెల్దమ్మా. ఇక్కడ పెద్దోరు మీరే."

 హైమావతి ఫ్యూజును క్యారేజీ సంచిలో టిఫిను గిన్నె పక్కన పెట్టుకుని, చెప్పులు వేసుకుంది. అయిదు గంటలయింది. ఆమె ఎప్పుడూ అయిదింటికి ఇంటికి వెళ్లిపోతుంది.

బస్సు కదిలాక పోలినాయుడు జేబులోంచి కాగితం తీసి మూడుసార్లు చదువుకున్నాడు. తర్వాత ఈశ్వరమ్మకి ఫోను చేశాడు.

"రిలీవయిపోనానే!"

 అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "నిజమేనా? ఆర్డరు చేతికొచ్చీసిందా?"

"జేబులో ఉంది. సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి."

"ఆ డైరెక్టరు బాబు చల్లగుండాలి. ఎలగైనా పెట్టీసినాడు సంతకం."

"ఆయన కాదే. హైమావతి పెట్టింది."

 ఈసారి ముక్కు చప్పుడు వినిపించలేదు.

"హైమావతెవులు?" అంది ఈశ్వరమ్మ.

 పాలకొండ ఇంకా రెండు గంటల దూరం. మొదట్నుంచీ చెప్పుకుంటూ వస్తే ఆ రెండు గంటలూ చాలవు. చెప్పినా, ఈశ్వరమ్మ నమ్మదు.